హెచ్‌ఐవీ ఫలితం రోగికి చెప్పడంపై వైద్యులకు శిక్షణ: ఒక వర్క్‌షాప్ సమీక్ష

కొత్తగా హెచ్‌ఐవీ ఉన్నట్టు తేలిన మనిషికి ఆ సంగతి ఎలా చెప్పాలో ప్రైవేటు వైద్యులకు నేర్పే రెండు రోజుల వర్క్‌షాప్ ఒకటి ఈమధ్య విజయవాడలో జరిగింది. ఒక శిక్షణ సంస్థ ఫీజు తీసుకుని నిర్వహించిన ఈ కార్యక్రమానికి నేను సొంత డబ్బుతో వెళ్లాను, ఆ సంస్థతో నాకు వేరే సంబంధమేమీ లేదు. ఇలాంటి శిక్షణలు ఇతర ఊళ్లలోనూ మొదలవుతున్నాయి కాబట్టి, వెళ్లాలా వద్దా అని ఆలోచిస్తున్న తోటి వైద్యులకు ఉపయోగపడుతుందని ఇది రాస్తున్నాను. ముందే తేల్చి చెప్పాలంటే, రోగి పాత్ర వేసినవారితో మాట్లాడి నేర్చుకునే అభినయ సాధన రెండు పూటలు నిండా సాగి, కట్టిన ఫీజుకు పూర్తిగా న్యాయం చేసింది. స్లయిడ్లు చూపిస్తూ చెప్పిన పాఠాల్లో సగానికి పైగా తీసేసినా ఎవరికీ నష్టం ఉండేది కాదు.

ప్రభుత్వ ఆస్పత్రిలోని ఐసీటీసీలో, అంటే హెచ్‌ఐవీ పరీక్ష, కౌన్సెలింగ్ కేంద్రంలో, పరీక్షకు ముందు ఒకసారి, ఫలితం వచ్చాక మరోసారి కౌన్సెలర్ ఎదురుగా కూర్చోబెట్టుకుని మాట్లాడతారు. ప్రైవేటు ఆస్పత్రుల్లో ఆ ఏర్పాటు ఎక్కడోగానీ కనిపించదు. హెర్నియా ఆపరేషన్‌కో, కాన్పుకో, కంటి శుక్లం తీయించుకోవడానికో వచ్చిన మనిషికి మిగతా రక్తపరీక్షలతో పాటు హెచ్‌ఐవీ కార్డు టెస్టు కూడా చేసేస్తారు. సాయంత్రానికి ల్యాబ్ నుంచి రియాక్టివ్ అని, అంటే హెచ్‌ఐవీ ఉండవచ్చని, కబురు వస్తుంది. ఆ మాట రోగికి చెప్పవలసింది సర్జనా, మత్తు డాక్టరా, రాత్రి డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరా అన్నది ఎవరూ తేల్చరు. చివరికి చాలాచోట్ల ఎవరూ ఏమీ చెప్పకుండానే, ఈ కేసు ఇక్కడ చేయరు, పెద్దాస్పత్రికి వెళ్లండి అనే మాట రిసెప్షన్ కౌంటర్ దగ్గర వినిపిస్తుంది. రోగి సమ్మతి లేకుండా పరీక్ష చేయడాన్నీ, హెచ్‌ఐవీ ఉందన్న కారణంతో వైద్యం నిరాకరించడాన్నీ 2017లో పార్లమెంటు చేసిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టం నిషేధిస్తోంది. 2018 సెప్టెంబరు 10 నుంచి అది అమల్లో ఉంది. అయినా ఆ చట్టం పేరు విన్న వైద్యులు ఎందరని మొదటి రోజు ఉదయం అడిగితే హాలులో లేచిన చేతులు అతి తక్కువ.

ఇందులో నా తరం వైద్యులకు ఇంకో ఇబ్బంది ఉంది. దేశంలో ప్రభుత్వం హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులను ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్ 1న మొదలైంది. దానికి ముందు ఈ ఫలితం చెప్పడమంటే, కొనగలిగిన కొద్దిమందిని మినహాయిస్తే, చావు కబురు చెప్పడమే. అప్పట్లో వార్డుల్లో పెద్దలు తల దించుకుని, గొంతు తగ్గించి, ముందు బంధువులను పక్కకు పిలిచి చెప్పడం చూసి నేర్చుకున్నవాళ్లం మేము. మందులు మారాయి. రోగనిరోధక శక్తిని సూచించే సీడీ4 కణాల సంఖ్య ఎంత ఉన్నా నిర్ధారణ కాగానే చికిత్స మొదలుపెట్టాలన్న విధానం 2017లో వచ్చింది. ఈరోజు చాలామందికి టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిసిన ఒకే మాత్ర రోజుకు ఒకసారి సరిపోతోంది. కానీ చెప్పే తీరు మాత్రం చాలామందిలో ఆ పాత వార్డు దగ్గరే ఆగిపోయింది. ఈ వర్క్‌షాప్ పట్టుకున్న అసలు సమస్య ఇదేనని నాకు అనిపించింది. నిర్వాహకులు మాత్రం ఆ సంగతిని ఎక్కడా ఇంత సూటిగా చెప్పలేదు.

మొదటి ఉదయం గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. 1986లో మద్రాసులో డాక్టర్ సునీతి సోలమన్ బృందం దేశంలో తొలి కేసులను గుర్తించిన దగ్గర మొదలుపెట్టి, వైరస్ నిర్మాణం మీదుగా, ఏ మందు వైరస్ జీవితచక్రంలో ఏ దశను అడ్డుకుంటుందో చూపించే బొమ్మల దాకా సాగింది. అవి మాకు తెలియనివి కావు, తెలియకపోతే పుస్తకంలో దొరికేవి. తర్వాత రోగికి చెడ్డ వార్త చెప్పడానికి వాడే స్పైక్స్ పద్ధతిని పరిచయం చేశారు. అనువైన చోటు చూసుకోవడం, రోగికి ఇప్పటికే ఏం తెలుసో కనుక్కోవడం, ఎంతవరకు వినదలచుకున్నారో అడగడం, విషయం చెప్పడం, కలిగిన ఆవేదనను గుర్తించి స్పందించడం, తర్వాతి దారి కలిసి నిర్ణయించుకోవడం అనే ఆరు మెట్లున్న ఈ పద్ధతిని 2000లో క్యాన్సర్ వైద్యుల కోసం ప్రచురించారు. మంచి పద్ధతే. కాకపోతే దాన్ని క్యాన్సర్ నుంచి ఉన్నదున్నట్టు ఎత్తి హెచ్‌ఐవీకి తగిలించడం నాకు నచ్చలేదు. క్యాన్సర్ రోగి, నాకు వివరాలు వద్దు, అన్నీ మా అబ్బాయికే చెప్పండి అంటే ఒక్కోసారి వైద్యుడు ఒప్పుకోవచ్చు. హెచ్‌ఐవీ విషయంలో అదే పని చేస్తే రోగి ఇల్లూ ఉద్యోగమూ పోయే ప్రమాదం తెచ్చినవాళ్లమవుతాం. పైగా దీనికి చెడ్డ వార్త అని పేరు పెట్టి గది తలుపు తీస్తే, వైద్యుడి ముఖమే ముందుగా సగం తీర్పు చెప్పేస్తుంది. పక్కన కూర్చున్న ఒక గైనకాలజిస్టు ఇదే సంగతి లేవనెత్తితే, శిక్షకుడు సమయం చాలదంటూ తర్వాతి స్లయిడ్‌కు వెళ్లిపోయారు.

మధ్యాహ్నం నుంచి వర్క్‌షాప్ తీరే మారిపోయింది. మమ్మల్ని ఆరుగురేసి చొప్పున చిన్న బృందాలుగా విడగొట్టి, ఏళ్ల తరబడి ఐసీటీసీల్లో పనిచేసిన కౌన్సెలర్లను రోగుల పాత్రల్లో మా ఎదుట కూర్చోబెట్టారు. ఒక బల్ల, రెండు కుర్చీలు, మధ్యమధ్యలో తలుపు తోసుకుని వచ్చే అటెండెంట్, ఆగకుండా మోగే ఫోను అన్నీ పెట్టి మా ఓపీ గదిని యథాతథంగా దించేశారు. మాట్లాడుతున్నది మొత్తం వీడియో తీసి వెంటనే వేసి చూపించారు. ఫలితం చెప్పిన తర్వాత వైద్యుడు ఎంతసేపు మాట్లాడకుండా ఉండగలిగాడో శిక్షకురాలు గడియారం చూసి చెప్పేవారు. మాలో చాలామంది నాలుగైదు సెకన్లు కూడా ఆగలేకపోయాం. ఎదుటి మనిషి తల వంచుకోగానే సీడీ4 గురించో, మాత్రల గురించో మొదలుపెట్టాం. అదంతా మా అసౌకర్యాన్ని కప్పిపుచ్చుకోవడానికే తప్ప రోగి కోసం కాదని వీడియోలో చూసుకుంటే ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది.

మా బృందంలో ఒక సీనియర్ ఫిజీషియన్ చాలా ఆప్యాయంగా, "మీరేం భయపడకండి, ఇప్పుడిది కూడా షుగరు, బీపీ లాంటిదే" అన్నారు. మనలో చాలామంది నోట రోజూ వచ్చే మాటే ఇది. రోగి పాత్రలో ఉన్న కౌన్సెలర్ కాసేపు ఊరుకుని, "షుగరైతే ఇంటికెళ్లి మా ఆవిడతో చెప్పుకుంటాను సార్, పక్కింటివాళ్లతోనూ చెప్పుకుంటాను, ఇది ఎవరితో చెప్పుకోమంటారు?" అని అడిగారు. ఆయన దగ్గర జవాబు లేదు. చూస్తున్న మా దగ్గరా లేదు. ఆ మాట వైద్యపరంగా తప్పేమీ కాకపోయినా, ఎదుటివాడి భయం వైరస్ గురించే అనుకుని చెప్పిన మాట అది. అతని భయమేమో భార్య గురించి, అత్తవారింటి గురించి, ఊరి గురించి. ముందు అతను దేనికి భయపడుతున్నాడో అడిగి తెలుసుకుని, ఆ తర్వాతే ధైర్యం చెప్పాలన్నది ఆ గంటలో నేర్పిన పాఠం, స్లయిడ్ల మీద ఎక్కడా లేని పాఠం కూడా.

అలాగే ఎలా వచ్చింది అనే ప్రశ్న. మా బృందంలో ఒక్కరు తప్ప అందరం ఏదో ఒక రూపంలో దాన్ని అడిగేశాం. శిక్షకురాలు అక్కడే ఆపించి, "ఈ ప్రశ్నకు వచ్చే సమాధానాన్ని బట్టి మీరిచ్చే మాత్ర ఏమైనా మారుతుందా డాక్టరు గారూ?" అని అడిగారు. మారదు. భాగస్వామికీ పిల్లలకీ పరీక్ష చేయించవలసిన అవసరం గురించి మాట్లాడాలి గానీ, అది మొదటి పది నిమిషాల్లో తేలవలసిన విషయం కాదు, నేరం ఒప్పించే తీరులో అడగవలసిన విషయం అసలే కాదు. ఆ రోజు చెప్పవలసినవి మూడే సంగతులని వారు పదేపదే చెప్పారు: దీనికి పనిచేసే మందులు ఉన్నాయి, ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రంలో అవి ఉచితంగా దొరుకుతాయి, రెండు రోజుల్లో మళ్లీ వచ్చి కలవండి. మిగతావి మలి సందర్శనానికి వదిలిపెట్టాలి, ఎందుకంటే మొదటి రోజు చెప్పేవాటిలో చాలా భాగం ఎవరికీ గుర్తుండదు. మాత్రలు క్రమం తప్పకుండా వేసుకుని, వైరల్ లోడ్ పరీక్షలో వైరస్ కనిపించని స్థాయికి చేరి అక్కడే నిలిచినవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా మరొకరికి సోకదన్న సంగతి మాత్రం మొదటి రోజే చెప్పాలని నా అభిప్రాయం. శిక్షకులు దాన్నీ మలి సందర్శనం జాబితాలో పెట్టారు. పెళ్లయిన మనిషికి ఆ రాత్రి ఇంటికి వెళ్లాక కంటిమీద కునుకు పట్టాలంటే అవసరమైన మాట అది.

నాకు అన్నింటికంటే ఉపయోగపడినది ఒకే ఒక్క కార్డు టెస్టు చేతిలో ఉన్నప్పుడు ఏం మాట్లాడాలన్న అభ్యాసం. లక్షణాలు లేని మనిషికి హెచ్‌ఐవీ నిర్ధారించాలంటే మన జాతీయ మార్గదర్శకాల ప్రకారం వేర్వేరు పద్ధతులతో పనిచేసే మూడు కిట్లతో చేసిన పరీక్షలు మూడూ రియాక్టివ్ రావాలి. ప్రైవేటు ల్యాబ్‌లో సాధారణంగా జరిగేది అందులో మొదటిది మాత్రమే. కాబట్టి ఆ దశలో మీకు హెచ్‌ఐవీ ఉంది అని చెప్పడం తప్పు. ఏమీ లేదులెండి, ఊరికే ఇంకో పరీక్ష అని దాటవేయడం మోసం. మరి ఏం చెప్పాలి? శిక్షకురాలు ఇచ్చిన నమూనా నాకు ఇప్పటికీ కంఠతా ఉంది: "మీ రక్తంలో హెచ్‌ఐవీ కోసం చేసిన తొలి పరీక్షలో అనుమానం వచ్చింది. ఈ ఒక్క పరీక్షతో ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. ప్రభుత్వ ఆస్పత్రిలో ఉచితంగా ఇంకా పరీక్షలు చేసి తేలుస్తారు, అక్కడ మీ వివరాలు గోప్యంగా ఉంచుతారు, ఎవరిని కలవాలో నేను రాసిస్తాను." నాలుగు వాక్యాల లోపే ఉన్న ఈ మాటలను ఓపీలో, గదిలో ఇంకెవరూ లేకుండా చూసుకుని, తొందర లేకుండా చెప్పడం మాత్రం అనుకున్నంత తేలిక కాదు. అలా చెప్పిన తర్వాత ఆపరేషన్‌ను వాయిదా వేయవలసిన అవసరం చాలా సందర్భాల్లో ఉండదన్న సంగతిని కూడా వారు గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది. హాలులో ఉన్న సర్జన్లు సరిగ్గా అక్కడే గొణుక్కున్నారు.

రెండో రోజు ఉదయం గర్భిణి పాత్రతో చేయించిన సాధన ఇంకా కష్టమైనది. ఐదో నెల అమ్మాయి, పక్కన అత్తగారు, ఇద్దరూ ఒకే బెంచీ మీద. రిపోర్టు చూడగానే డాక్టరు ముఖం మారింది, అత్తగారు వెంటనే ఏమైంది డాక్టరమ్మా, బిడ్డకేమన్నా అయిందా అని లేచింది. అప్పుడు అత్తగారిని బయటికి వెళ్లమంటే అదే ఒక ప్రకటన అవుతుంది. ఇక్కడ కౌన్సెలర్లు నేర్పిన ఉపాయం చాలా మామూలుది, అంతకంటే ఆచరణయోగ్యమైనది నేను వినలేదు: ఫలితం ఏదైనా సరే, గర్భిణులందరినీ ప్రతి సందర్శనంలో కొద్ది నిమిషాలు ఒంటరిగా చూడడాన్ని క్లినిక్ నియమంగా పెట్టుకోవాలి, ఆ మాట గోడ మీద రాసి ఉంచాలి. అప్పుడు అవసరమైన రోజున ఎవరికీ అనుమానం రాదు. చికిత్స ఏదీ లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం 15 నుంచి 45 శాతం దాకా ఉంటుందనీ, సరైన చికిత్సతో అది 5 శాతం లోపుకు తగ్గుతుందనీ ఆ అమ్మాయికి చెప్పగలగడమే ఆ గదిలో వైద్యురాలి చేతిలో ఉన్న అతి పెద్ద బలం. పరీక్ష ముందుగా జరిగింది ఆమెకే కాబట్టి నెపం కూడా ముందుగా ఆమె మీదే పడుతుందన్న సంగతిని గుర్తుంచుకుని, భర్తకు పరీక్ష గురించి ఎవరు, ఎప్పుడు, ఎలా చెప్పాలో ఆమెతోనే కలిసి నిర్ణయించాలని నేర్పారు.

న్యాయవాది తీసుకున్న గంటలో విషయం చాలా ఉంది, సమయమే చాలలేదు. భాగస్వామికి చెప్పే విషయంలో చట్టం వైద్యుడికి ఇచ్చింది అధికారమే తప్ప బాధ్యత కాదనీ, దానికీ షరతులు ఉన్నాయనీ ఆమె స్పష్టంగా వివరించారు. భాగస్వామికి సోకే ప్రమాదం గణనీయంగా ఉందని నమ్మడానికి సహేతుకమైన కారణం ఉండాలి. తానే చెప్పమని రోగికి ముందు కౌన్సెలింగ్ ఇచ్చి ఉండాలి. అయినా అతను చెప్పడని నిశ్చయం కావాలి. నేను చెప్పబోతున్నానని రోగికి ముందుగా తెలియజేయాలి. ఆపైన భాగస్వామికి స్వయంగా, కౌన్సెలింగ్‌తో పాటు చెప్పాలి. చెబితే కొడతారనో, ఇంట్లోంచి వెళ్లగొడతారనో భయం ఉన్నచోట, ముఖ్యంగా ఆడవారి విషయంలో, చెప్పకూడదు. అన్నదమ్ములకూ అత్తమామలకూ ఉద్యోగమిచ్చినవారికీ చెప్పే హక్కు మనకు లేదు. బంధువులను ముందు పక్కకు పిలిచే మన పాత అలవాటు ఈ చట్టం ముందు ఎక్కడా నిలబడదు. ఇంత ముఖ్యమైన భాగానికి కూడా అభినయ సాధన పెట్టి ఉండవలసింది. వినడం వేరు, రోగి అన్నగారు ఫైలు చేతిలో పట్టుకుని, "మా తమ్ముడేగా డాక్టరు గారూ, మాకు చెప్పకపోతే ఎవరికి చెబుతారు?" అని అడుగుతుంటే మర్యాదగా కుదరదనడం వేరు.

ఆ తర్వాత హెచ్‌ఐవీతో చాలా ఏళ్లుగా జీవిస్తున్న ఒక మహిళ మాట్లాడారు. ఆమెది ఉపన్యాసం కాదు. తనకు ఫలితం చెప్పిన రోజు వైద్యుడు ఏమన్నాడో తనకు ఒక్క ముక్క గుర్తు లేదనీ, రిపోర్టు కాగితాన్ని అందించడానికి ముందు అతను చేతికి గ్లౌజు తొడుక్కోవడం మాత్రం గుర్తుందనీ చెప్పారు. ఎవరో ఒకరు కాస్త ఇబ్బందిగా నవ్వారు. ఆమె నవ్వలేదు. ఆమెకు ఇచ్చిన సమయం భోజన విరామానికి ముందు మిగిలిన కొద్ది నిమిషాలు మాత్రమే కావడం ఈ కార్యక్రమం మొత్తంలో నాకు మింగుడుపడని విషయం. వైరస్ బొమ్మలకు ఉదయమంతా ఇచ్చినవారు ఆమెకు కనీసం ఒక పూట ఇచ్చి ఉండవలసింది.

వదిలేసిన విషయాలు ఇంకా ఉన్నాయి. పుట్టుకతోనే హెచ్‌ఐవీ వచ్చిన పిల్లలకు వాళ్ల సంగతి వాళ్లకే ఎలా చెప్పాలన్నది ఎవరూ ముట్టుకోలేదు. బడి వయసు పిల్లలకు చెప్పాలనీ, చిన్నవాళ్లకు వాళ్ల అవగాహనకు తగ్గట్టు కొద్దికొద్దిగా తెలియజేస్తూ పోవాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే సూచించింది. బలానికి మాత్రలని అమ్మమ్మలు చెప్పి వేయిస్తున్న పిల్లలు మన జిల్లాల్లో తక్కువేమీ కాదు. నమూనా రోగులందరూ పెళ్లయిన ఆడా మగా మాత్రమే కావడం మరో లోపం. పురుషులతో సంబంధాలున్న పురుషుడికి, ట్రాన్స్‌జెండర్ వ్యక్తికి చెప్పేటప్పుడు వైద్యుడి మాటలో దొర్లే తప్పులు వేరుగా ఉంటాయి, వాటికి సాధన లేదు. ఆత్మహత్య ఆలోచనల గురించి రోగిని తిన్నగా అడగాలనీ, అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదనీ చెప్పి చేయించిన చిన్న అభ్యాసం మాత్రం చాలా బాగుంది. ఇక రోగి చేయి పట్టుకుని ఓదార్చాలన్న సలహాను మగ డాక్టరు మన ఊళ్లలో పరాయి ఆడమనిషి విషయంలో పాటించలేడు, ఆ మాటను శిక్షకులకు చెబితే వినడానికైతే విన్నారు.

చేతికిచ్చిన పుస్తకం ఇంగ్లిషులో ఉంది, మాట్లాడవలసిన మాటలు మాత్రం అన్నీ తెలుగువి. నమూనా వాక్యాలను మేం ఎవరికి వారుగా రాసుకోవలసి వచ్చింది. దగ్గర్లో ఉన్న ఐసీటీసీ చిరునామా, ఏఆర్‌టీ కేంద్రం పనివేళలు, 1097 జాతీయ హెల్ప్‌లైన్ నంబరు ఉన్న ఒక్క కాగితం ముక్క జిల్లాలవారీగా అచ్చు వేసి ఇచ్చినా ఆ పుస్తకం కంటే ఎక్కువ ఉపయోగపడేది. ఫీజు కట్టే ముందు ఎవరైనా నిర్వాహకులను రెండు విషయాలు అడగాలి: సాధనకు ఎన్ని గంటలు కేటాయించారు, రోగి పాత్రల్లో ఎవరు కూర్చుంటారు. నటులనో జూనియర్ డాక్టర్లనో కూర్చోబెడతామంటే ఆలోచించుకోవచ్చు, ఐసీటీసీలో పనిచేసిన కౌన్సెలర్లయితే నిస్సందేహంగా వెళ్లవచ్చు. 2019 నుంచి ఎంబీబీఎస్‌లో చేరినవారికి రోగితో మాట్లాడే పద్ధతి, వైద్య నైతికత పాఠ్యాంశాల్లోనే ఉన్నాయి కాబట్టి, ఈ శిక్షణ అవసరం ఎక్కువగా ఉన్నది ప్రాక్టీసు ముదిరిన మాకే.

అసలు లోటు ఒకటి చివరి రోజు సాయంత్రం చర్చలో బయటపడింది. ఫలితం ముందుగా తెలిసేది ల్యాబ్ టెక్నీషియన్‌కు, ఫైలు మీద ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టేది నర్సు, అటెండెంట్ చేతికి రిపోర్టు ఇచ్చేది కౌంటర్‌లో అమ్మాయి, కానీ శిక్షణకు ప్రవేశం వైద్యులకు మాత్రమే. సిబ్బందికి ఇదే శిక్షణ తెలుగులో ఇస్తారా అని అడిగితే, ఇరవై మంది ఉంటే ఆస్పత్రికే వచ్చి ఒక పూట చేస్తామన్నారు. మా ఆస్పత్రి ఒక్కదాని నుంచి ఇరవై మందిని ఒకే పూట ఖాళీ చేయించడం కుదిరే పని కాదు. అందుకని వీధిలోని మరో రెండు నర్సింగ్ హోములను, మేం పరీక్షలు చేయించే డయాగ్నొస్టిక్ సెంటర్‌ను కలుపుకుని ఒక ఆదివారం కోసం అడుగుతున్నాం.